అద్దె ఇంట్లో చావకూడని అయిదు రోజులు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడెవడో సొంత ఇంట్లో పుట్టి సొంత ఇంట్లోనే పోయి ఉంటాడు. అద్దె ఇంట్లో ఉండి చూడు అని మూడో ముక్క కలపాలని వాడికి తోచలేదు. ఆ ముక్క నేను కలుపుతాను. డెబ్బైల చివర తిరుపతిలో మేం అద్దెకున్న ఇంట్లో జరిగింది తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది. కోపం చల్లారిందని చెప్పి మంచిదాన్ననిపించుకోవాలని లేదు.

అప్పట్లో నేను ఒక వకీలు గారి ఆఫీసులో టైపిస్టుని. ఆయనకు వచ్చే కేసుల్లో సగం ఇంటి తగాదాలే. ఖాళీ చేయించమని యజమానులు వేసే పిటిషన్లు, వాటికి అద్దెకున్నవాళ్ళు ఇచ్చుకునే జవాబులు. కింద మూడు కార్బన్ కాగితాలు పెట్టి రోజుకు నాలుగైదు కొట్టేదాన్ని. కొట్టీ కొట్టీ అద్దె ఇళ్ళ చట్టం నాకు నోటికొచ్చేసింది. అద్దె కట్టకపోతే ఖాళీ చేయించవచ్చు. చెప్పకుండా ఇంకొకరికి ఇస్తే చేయించవచ్చు. ఇల్లు పాడుచేసినా, ఇరుగుపొరుగుని పీడించినా, యజమాని తానే కాపురముండాల్సి వచ్చినా చేయించవచ్చు. అదైనా కోర్టులో రుజువు చేసుకుంటేనే. అంతే తప్ప నచ్చలేదు కాబట్టి పొమ్మనడానికి లేదు. నీళ్ళు ఆపకూడదు, కరెంటు తీయకూడదు, కక్కసుకు తాళం వేయకూడదు. ఎంత ముచ్చటైన చట్టమో! సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పి ఇంటికి బయల్దేరి మా వీధి మలుపు తిరిగేసరికి ఆ చట్టం కాస్తా నా వెనకెక్కడో ఆగిపోయేది.

మా ఇంటి చట్టం వేరు. ముందు భాగంలో ఇంటాయన, ఆయన భార్య ఉండేవాళ్ళు. ఆయన ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. వెనక రెండు పోర్షన్లు. ఒకదాంట్లో నేనూ మా ఆయనా, పక్కదాంట్లో ఇద్దరు పసిపిల్లలతో ఒక టీచరమ్మ. ఆవిడ భర్త మిలట్రీలో. అందరికీ కలిపి నడిమధ్య ఒక చేదబావి. చేరిన రోజే ఇంటామె షరతులు చెప్పింది. పొద్దుగూకినాక రోకలి చప్పుడు వినపడకూడదు. ఎండు చేప వాసన రాకూడదు. బయట చేరినప్పుడు చేద ముట్టకూడదు, ఎవరో ఒకరు తోడి పోసేదాకా కాచుకోవాలి. చుట్టాలు వస్తే మూడు రోజులు. ఇవేవీ కాగితం మీద లేవు. చట్టం కాగితం మీద ఉంది, షరతులు బావి గట్టు మీద ఉన్నాయి. నీళ్ళు కావాలంటే పోవాల్సింది బావి గట్టుకే కదా! మేం నోరెత్తలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు.

అలా ఉండగా మా నాయన వచ్చాడు.

మా నాయనది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మామిడి తోటలు గుత్తకు తీసుకుని కాపు కాచి బతికిన మనిషి. సొంత తోటా లేదు, చివరికి సొంత ఇల్లూ మిగల్లేదు. అమ్మ పోయాక తన అక్క ఇంటి వసారాలో ఉండేవాడు. కడుపులో గడ్డ లేచిందని తెలిసి నేనే తీసుకొచ్చాను. పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోయి అడిగినవి పెట్టమన్నారు. ఒక్కర్తే కూతుర్ని. ఆయన అడిగినవి పెట్టడానికి నాకున్నది ఆ ఒక్క గది, వంటిల్లు.

మూడు రోజులు దాటినా చుట్టం కదలకపోయేసరికి ఇంటామె, “కొడుకులు లేరామ్మా ఆయనకు?” అంది. లేరన్నాను. ఆ మాట వెళ్ళి ఇంటాయన చెవిలో పడింది. ఆదివారం పొద్దున ఆయన పంచాంగం పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చాడు.

“సూడమ్మా, నేను చెడ్డోణ్ణి కాదు,” అని మొదలుపెట్టాడు. అలా మొదలుపెట్టేవాళ్ళంటే నాకు అప్పట్నుంచే భయం. “మీ నాయన పరిస్థితి సూస్తానే ఉండా. ఎవురికైనా తప్పేది కాదు. కాకపోతే ధనిష్ఠ సగం కాడ్నించి రేవతి దాకా అయిదు నచ్చత్రాలు ఉండాయి సూడు, ఆ రోజుల్లో ఇంట్లో ప్రాణం పోతే ఇల్లు ఆర్నెల్లు పాడుపెట్టాల. మీ పోర్షన్ ఒకటే కాదు, ఒకే కప్పు గదా, మొత్తం ఇల్లు. మీరు, మేము, ఆ టీచరమ్మ, అందరం బయటికి పోవాల. దీపం కూడా పెట్టేదానికి లేదు. అందుకని నెలనెలా ఆ అయిదు రోజులు ముసలాయన్ని యాడన్నా పెట్టుకోండి. మిగతా ఇరవై రెండు రోజులు నాకేం అభ్యంతరం లేదు.”

మిగతా ఇరవై రెండు రోజుల్లో మా నాయన చావడానికి ఆయనకు అభ్యంతరం లేదట! ఎంత దయ! ఈ మాటలన్నీ గడప అవతల నిలబడి అన్నాడు, మా నాయన మంచం గడపకు నాలుగడుగుల దూరంలో ఉండగా. వినపడకుండా ఉండటానికి నాయనకు పాడైంది కడుపు, చెవులు కాదు.

మర్నాడు వకీలు గారిని అడిగాను. ఆయన పెద్దగా నవ్వాడు. “సావు గురించి చట్టంలో ఒక్క అచ్చరం లేదమ్మా. ఇంట్లో మనిషి పోయినాడని ఖాళీ చేయించమని ఎవుడన్నా పిటిషన్ ఏస్తే, జడ్జి నవ్వి అవతల పారేస్తాడు. నువ్వు కదలబాక.” నాకు ప్రాణం లేచొచ్చింది. లేచి వస్తుంటే వెనక్కి పిలిచాడు. గొంతు తగ్గించి, “అయినా ఒక మాట చెప్తా. నేను గూడా మేడ మింద పోర్షన్ అద్దెకిచ్చినా. నా ఇంట్లో అయినా నేను అదే అడుగుతా. అది చట్టం సంగతి కాదమ్మా, ఇంటి సంగతి,” అన్నాడు. ఆ పూట కూడా ఆయనకు ఒక పిటిషన్ కొట్టి పెట్టాను. అద్దెకున్నవాడి తరఫున. అందులో మనిషికి గూడు హక్కని ఆయన చాలా అందంగా చెప్పాడు.

వేరే ఇల్లు చూసుకోవచ్చు కదా అంటారేమో. చూశాం. మా ఆయన రేణిగుంట స్టేషన్లో పని చేసేవాడు. డ్యూటీ దిగి అటునుంచటే వీధులు తిరిగి వచ్చేవాడు. ఎక్కడికి పోయినా మూడో ప్రశ్న అదే: ఇంట్లో జబ్బు మనుషులు ఎవరన్నా ఉన్నారా? రైల్వే క్వార్టర్సుకు రాసుకున్న జాబితాలో ఆయన పేరు అడుగున ఎక్కడో ఉంది.

మొదటి నెల మేం ఒప్పుకున్నాం. మా తప్పు అదే. ఒకసారి ఒప్పుకున్నాక ఆ మర్యాద కాస్తా షరతై కూర్చుంటుంది. రిక్షాలో నాయన్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. చేర్చుకోవడానికి ఏం లేదని డాక్టరు ముందే చెప్పాడు కదా, అందుకని వార్డు బయటి వరండాలో చాప వేశాం. అయిదు రోజులు. వచ్చే పోయేవాళ్ళ చెప్పుల మధ్య. అక్కడ మా ఒక్కళ్ళమే కూడా కాదు. మా పక్క చాప మీద ఒక ముసలామె ఉంది. ఏం జబ్బని ఆమె కోడలిని అడిగితే, “జబ్బు ఎప్పట్నుంచో ఉండేదేలేమ్మా, అద్దెకిచ్చిన ఇంటోళ్ళు ఈ అయిదు రోజులు వద్దన్నారు,” అంది. ఆ మాట ఆమె ఎంత మామూలుగా అన్నదంటే, నాకు ఆమె మీద కూడా కోపమొచ్చింది.

రెండో నెల రేణిగుంటలో మా ఆయన స్నేహితుడి క్వార్టర్సుకు తీసుకుపోయాం. సర్కారు ఇంటికి నక్షత్రాలు లేవు. ఆ మహానుభావుడు వంటగది ఖాళీ చేసి ఇచ్చాడు. కానీ జట్కాలో, రోడ్డు గతుకుల్లో నాయన పడిన బాధ నేను చూశాను. పళ్ళు బిగించి, “ఏం లేదు పాపా, బండి కుదుపు అంతే,” అన్నాడు. తిరిగి వచ్చినాక ఆయన లేచి కూర్చోలేదు.

అప్పట్నుంచి పొద్దున కళ్ళు తెరవగానే ఆయన అడిగే మొదటి మాట, “ఈ పొద్దు ఏం నచ్చత్రం పాపా?” అని. జీవితమంతా కార్తెలు లెక్కబెట్టి వానల కోసం చూసిన మనిషి. మృగశిరలో చినుకు పడుతుందా, ఆర్ద్రలో పడుతుందా అని చూసిన కళ్ళు, తను ఎప్పుడు పోతే కూతురికి ఇబ్బంది ఉండదా అని లెక్కలు కట్టాయి. అది నేను మర్చిపోలేను. ఇంటాయనను క్షమించాలని ఎప్పుడైనా మనసు మెత్తబడితే ఈ ఒక్క ప్రశ్న గుర్తు చేసుకుంటాను, చాలు.

మూడో నెల నేను కదలనన్నాను. “సార్, ఆయన్ని ఇప్పుడు ఎత్తితే దార్లోనే పోతాడు. మేం ఎక్కడికీ పోం. చట్టం ప్రకారం మీరు మమ్మల్ని పొమ్మనడానికి లేదు,” అన్నాను. నా గొంతు నాకే వకీలు గారి గొంతులా వినపడింది.

ఇంటాయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. “చట్టం నాకూ తెలుసమ్మా. నిన్ను పొమ్మనను. ఆ రోజుల్లో ఏమన్నా జరిగితే మాత్రం నేను, మా ఇంట్లో ఆమె, ఇంటికి తాళమేసి ఊరికి పోతాము. బావి మూసేస్తా. పాడుపెట్టిన ఇంట్లో నువ్వు ఉంటావో, పక్క పోర్షన్‌లో ఆమె పసిబిడ్డల్ని పెట్టుకోని ఉంటాదో, మీ ఇష్టం,” అన్నాడు. ఒక చీటీ కూడా ఇచ్చాడు. పంచాంగంలో ఘడియలు నాకు తెలియవని, గడియారం లెక్కలో రాసి తెచ్చాడు. శనివారం పొద్దున పది నుంచి బుధవారం సాయంత్రం ఆరుంబావు దాకా. “తలుపు మాత్రం తీసి పెట్టండి. వస్తా పోతా సూసుకుంటా ఉంటాము,” అన్నాడు. అది పలకరింపు అనుకునేరు, కాపలా.

ఆయన పోయాక టీచరమ్మ వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. నాయన మంచం పక్కన కూర్చుని, ఏడుస్తూ, “అక్కా, నేను యాడికి పోవాల?” అంది. ఇంటాయన చట్టానికి ఎదురు తిరగడానికి నాకు బలముంది. ఆ ప్రశ్నకు ఎదురు తిరిగే బలం లేదు. పెద్ద తెలివిగల మనిషి ఇంటాయన. నా మీద కేసు వేయకుండా నన్ను ఆమె మీదికి తోశాడు.

నాయన విన్నాడు. “నువ్వు ఏడవబాకమ్మా,” అన్నాడు టీచరమ్మతో. “అశ్విని దాకా ఓపిక పడతా.”

నేను సెలవు పెట్టాను. శని, ఆది, సోమ, మంగళ. ఓపిక పట్టాడు. చావడానికి కాదు, చావకుండా ఉండటానికి. ఇంటామె చేద కోసం వస్తూ ఒకసారి, పోతూ ఒకసారి తొంగి చూసేది. ఇంటాయన పూటకు రెండుసార్లు వచ్చి, “ఎట్లుండాడు?” అనేవాడు. బుధవారం పొద్దున గంజి నీళ్ళు రెండు చెంచాలు మింగాడు. నక్షత్రం అడగలేదు. మధ్యాహ్నం మూడు దాటాక నా చెయ్యి పట్టుకున్నాడు. మూడుంబావుకు ఆ పట్టు వదులైంది.

నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, లెక్క. ఇంకా మూడు గంటలు. ఇంతకన్నా నీచమైన సంగతి నా జీవితంలో ఇంకోటి లేదు. మనిషిని మనిషి ఎంత దిగజార్చగలడో నాకు ఆ క్షణంలో తెలిసింది. కేసు వేస్తే నేను గెలుస్తాను. రెండేళ్ళకో మూడేళ్ళకో నాదే పైచెయ్యి అని కాగితం వస్తుంది. ఆ సాయంత్రం మాత్రం టీచరమ్మ పిల్లలతో వీధిలో ఉంటుంది.

కళ్ళు మూశాను. నిద్రపోతున్నవాడికి కళ్ళు మూసే ఉంటాయి కదా. మంచం మీంచి కిందికి దించలేదు. తలాపున దీపం పెట్టలేదు. కాలి బొటనవేళ్ళు కలిపి కట్టలేదు. అన్నిటికన్నా, దవడ కట్టలేదు. తల చుట్టూ గుడ్డ కట్టి ఉంటే గుమ్మంలోంచి చూసేవాళ్ళకు ఇంకేం చెప్పాలి? గడ్డం కింద చెయ్యి పెట్టి నోరు మూసి పట్టుకున్నాను. చెయ్యి తీస్తే తెరుచుకునేది. మళ్ళీ మూసేదాన్ని. అడుగుల చప్పుడైనప్పుడల్లా చెయ్యి తీసేసి విసనకర్ర అందుకునేదాన్ని. పోయిన మనిషికి విసరడం మొదలుపెట్టేదాన్ని.

నాలుగింటికి టీచరమ్మ బడి నుంచి వచ్చి చూసింది. ఆమెకు చెప్పక్కర్లేకపోయింది. నాయన కాళ్ళకు దణ్ణం పెట్టి, నోట్లో కొంగు కుక్కుకుని బయటికి పోయింది. తర్వాత బావి దగ్గర బిందెల మీద బిందెలు తోడుతూ ఇంటామెను అక్కడే మాటల్లో పెట్టుకుంది. ఇంటాయన మాత్రం అయిదింటికి వచ్చాడు.

“ఎట్లుండాడు?”

“నిద్రపోతా ఉండాడు సార్.”

“మంచిదే. ఇంకొక గంట గదా,” అన్నాడు. సినిమా ఎప్పుడు వదులుతారన్నట్టు.

మా ఆయన అయిదున్నరకు వచ్చాడు. చెవిలో చెప్పాను. చొక్కా కూడా విప్పకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇద్దరం గడియారం వైపు చూస్తూ కూర్చున్నాం. ఆరుంబావైంది. ఆరున్నర దాకా ఆగాం, పంచాంగంలో నిమిషం అటూ ఇటూ ఉంటే ఎందుకొచ్చిందని. అప్పుడు మా ఆయన, “ఇంక ఏడువు,” అన్నాడు. ఏడుపు రాలేదు. మూడు గంటలు మింగింది లోపలే గడ్డకట్టినట్టుంది. వినపడాలి కాబట్టి గట్టిగా అరిచాను. మా నాయన కోసం నేను ఏడ్చిన మొదటి ఏడుపు ఇంటాయనకు వినపడటం కోసం ఏడ్చింది.

ఆయన పరుగున వచ్చాడు. చేతి గడియారం చూసుకున్నాడు. నా కళ్ళతో చూశాను. చూసుకుని, చేతులు జోడించాడు. “పుణ్యాత్ముడమ్మా మీ నాయన. మంచి నచ్చత్రం సూసుకోని పోయినాడు. ఎవురికుంటాది ఆ రాత!” అన్నాడు. ఆ తర్వాత ఎంత సాయం చేశాడనుకున్నారు! పురోహితుణ్ణి పిలిపించాడు. ఐసు తెప్పించాడు. అరుగు మీద చాపలు పరిపించాడు. చెడ్డోణ్ణి కాదని చెప్పాడు కదా, నిజంగానే కాదు. అందుకే ఆయన మీద నా కోపం ఎవరికీ అర్థం కాలేదు.

దీపం పెట్టాం. వేళ్ళు కట్టాం. దవడకు గుడ్డ కట్టబోతే అప్పటికే బిగుసుకుపోయింది. మా ఆయన రెండు చేతులా ప్రయత్నించి, నొప్పి పుడుతుందేమోనన్నట్టు వదిలేశాడు. నాయన నోరు తెరుచుకునే ఉండిపోయింది.

పొద్దున్నే మొదటి బస్సుకు మా మేనత్త వచ్చింది. నాయనకు అక్క, ఇన్నాళ్ళూ తన వసారాలో చోటిచ్చిన మనిషి. నెత్తీ నోరూ కొట్టుకుంటూ వచ్చి తమ్ముడి మీద పడి, ఆ నోరు చూసి ఏడుపు ఆపేసింది. నావైపు తిరిగింది.

“ఏమ్మే, ఇంత సదువుకుంటివి, ఉద్యోగం చేస్తా ఉండావు. పోయిన మనిషికి నోరు మూసి గుడ్డ కట్టల్లని తెలీదా? ఊపిరి పోయేటప్పుడు పక్కన లేవా నువ్వు?”

వాకిలి నిండా మనుషులు. టీచరమ్మ తల వంచుకుంది. బావి గట్టు మీద కూర్చున్న ఇంటాయన, జవాబు కోసం నావైపు చూశాడు.

“లేనత్తా,” అన్నాను. “నీళ్ళకు పోయినా. వచ్చి సూసేతలికి ఎంతసేపైందో.” అన్నాక తట్టింది, ఎంతసేపైందో అన్న మాట ఇంటాయన పట్టుకుంటాడేమోనని. పట్టుకోలేదు.

ఆ నోటిని మూడు గంటలు చేత్తో మూసి పట్టుకుని కూర్చున్నదాన్ని. ఆ ఇంట్లో తర్వాత నాలుగేళ్ళున్నాం, చట్టప్రకారం ఎవరూ మమ్మల్ని కదిలించలేదు. మేనత్త మాత్రం తను పోయేదాకా చుట్టాలందరికీ అదే చెప్పింది. కన్నకూతురు ఇంట్లో ఉండి కూడా, మా తమ్ముడు నోట్లో నీళ్ళు పోసేవాళ్ళు లేక పోయినాడని.